శ్రావణపు మట్టిపెళ్ల

ఏటి ఇసుకలో గొర్రు తోలుతున్నాను. ఇసుకలో విత్తనం ఎందుకు వేస్తున్నానో నాకు తెలియడం లేదు గానీ ఎద్దులకు తెలిసినట్టే ఉంది, అవి తల వంచుకుని నెమ్మదిగా లాగుతున్నాయి, గొర్రు దిగినచోటల్లా చాలు పడుతోంది, పడిన చాలు నేను వెనక్కి తిరిగేలోపే పూడిపోతోంది. గొర్రు వెనక మా అక్క ఈరక్క ఉండాలి. ఒడి నిండా శెనక్కాయ విత్తనం పోసుకుని నా అడుగులో అడుగు వేస్తూ ఒక్కొక్క గింజే జారవిడుస్తూ రావాలి. చూస్తే ఇసుకలో ఆమె కాలి జాడ ఉంది, మనిషి లేదు.

ఏటి మధ్యలో మా బావ సుంకన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఈరక్క మొగుడు, పోయిన ఏడు ఆషాఢంలో చనిపోయిన మనిషి. చనిపోయాడని నాకు గుర్తుంది, అయినా ఏటి మధ్యలో కూర్చుని ఉండటం తప్పుగా తోచడం లేదు, ఎప్పుడూ ఇక్కడే కూర్చునేవాడన్నట్టు ఎద్దులు ఆయన ముందుకు పోయి వాటంతట అవే నిలబడతాయి. చొక్కా భుజాల దగ్గర తడిసి ఒంటికి అంటుకుని ఉంది. చేతుల్లో మట్టి పిసుకుతున్నాడు.

"ఏమిరా బామ్మర్దీ, ఏట్లో యవసాయం మొదలుపెడ్తివా? సేను అమ్ముకున్న్యావా యేమి?"

"లేదు బావా. ఎద్దులు ఇట్ల వచ్చినాయి."

"ఎద్దులు వస్తే నువ్వొస్తావా. మీ వంశమే అంత తిమ్మప్పా. ఎవురు తోలితే అట్ల పోతారు. మీ అక్క ఒక్కతే దానికి ఎదురు. నన్ను తోలి తోలి ఈడికి చేర్చె."

నవ్వుతాడు. బతికి ఉన్నప్పుడు కూడా ఇంతే, నవ్వేటప్పుడు నోరు తెరవడు, భుజాలు మాత్రం కదులుతాయి. ఇప్పుడు భుజాలు కదిలితే చొక్కా నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏం జేస్తాండావు బావా?"

"కనపడ్లేదా. పెళ్లలు కడ్తాండా."

ఏరువాక పున్నమికి మా ఊళ్లో ఇది ఆయన పని. చేని మట్టి తడిపి నాలుగు పెళ్లలు కట్టి ఎండబెట్టి, వాటికి వానల నెలల పేర్లు పెట్టి, జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, వాటి మీద కొత్త కుండను నిండా నీళ్లు పోసి నిలబెట్టి వచ్చేవాడు. కుండ అడుగు చెమర్చి పెళ్లల మీదికి దిగేది. తెల్లవారి ఊరంతా చూస్తుండగా కుండ ఎత్తితే, ఏ పెళ్ల తడిసి జారిపోయి ఉంటే ఆ నెలలో వాన, ఏది గట్టిగా నిలబడి ఉంటే ఆ నెల ఎండు. పోయిన ఏడు ఆషాఢపు పెళ్ల రాయిలాగా ఉంది. శ్రావణపు పెళ్ల బురదై పోయింది. అందుకే ఆషాఢం మొదట్లో పడిన వానకు ఊరంతా గొర్లు కట్టినా ఆయన కట్టలేదు. నేనూ కట్టాను, ఆయన కట్టలేదు. దారిన పోయేవాళ్లు ఎగతాళి చేస్తుంటే వసారాలో విత్తనం మూటకు ఆనుకుని కూర్చుని ఆకాశం చూసేవాడు. ఒక పొద్దు అట్లా కూర్చున్న మనిషి కూర్చున్నట్టే మూట మీదికి ఒరిగిపోయాడు. శ్రావణం చూడలేదు.

"నేను ఒకటి అడగల్లని వచ్చినా బావా" అంటాను. అడగడానికే వచ్చినట్టు అప్పుడే నాకు తెలుస్తుంది.

"నేనూ ఒకటి అడగల్ల. నాది ముందు. చచ్చినోన్ది ముందు, బతికినోన్ది ఎనక. నీకేమి, ఎప్పుడన్నా అడగొచ్చు." చేతిలోని మట్టిని గుండ్రంగా తిప్పుతూ, నా ముఖం చూడకుండా అడుగుతాడు. "శ్రావణం తడిసిందా?"

ఏమని చెప్పాలో వెతుక్కుంటుండగా ఎద్దులు లేవు, గొర్రు సిమెంటు బల్ల అయి ఉంది, మేమిద్దరమూ దాని మీద కూర్చుని ఉన్నాము, చుట్టూ బస్టాండు. కాళ్ల కింద మాత్రం ఏటి ఇసుకే. జనం విత్తనం మూటలు ఒళ్లో పెట్టుకుని, గొడుగులు చంకలో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. మైకులో ఒక ఆడమనిషి గొంతు అరుస్తోంది, కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం పోవు వాన బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది, కదిరి పోవు వాన ఆలస్యంగా నడుచుచున్నది. పిలిచిన ఊరివాళ్లు లేచి మూటలు ఎత్తుకుని మబ్బులోకి ఎక్కుతున్నారు, మబ్బు పొగ వదిలి కదిలిపోతోంది. మా ఊరి పేరు పిలుస్తారేమోనని నేను చెవులు రిక్కించుకుని ఉన్నాను. బావ పొట్లంలో బొరుగులు తింటున్నాడు.

"ఊరికే చూడొద్దురా. మన ఊర్లో ఎక్స్‌ప్రెస్ నిలబడదు."

"రేడియోలో చెప్పినారు బావా. ఈ ఏడు మామూలు కంటే ఎక్కువే పడ్తాదంట."

"పోయినేడు గూడా చెప్పినారు గదా. నేను ఉన్న్యాను అప్పుడు."

"చెప్పినారు. ఆఖర్న పడినాయని గూడా చెప్పినారు. అంతా కూడి చూస్తే మామూలుగానే పడిందంట."

"అంతా కూడి చూస్తేనా."

"ఊ."

"ఎవుని మామూలు రా అది?" బొరుగుల పొట్లం నా వైపు చాపుతాడు, నేను చెయ్యి పెడితే అందులో బొరుగులు లేవు, పొడి మట్టి ఉంది. "వాళ్లను అనేదానికి లేదులే. పాపం, అంత ఆకాశం చూసేటోళ్లు. అంత ఎత్తు నుంచి చూస్తే మన సేను ఎంతుంటాది, సొక్కాకు పడిన మచ్చంత. ఆ మచ్చ మీద పడ్తాదా పక్కన పడ్తాదా అని వాళ్లను అడిగితే ఏమి చెప్తారు." తల ఎత్తి నన్ను చూస్తాడు. "నువ్వు మాట మార్చొద్దు. శ్రావణం తడిసిందా?"

"తడిసింది బావా."

ఆయన ముఖంలో ఏదో వెలుగు వస్తుంది. నేను అక్కడితో ఆపి ఉండవచ్చు. కానీ ఆ మనిషి ముందు సగం మాట చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు, చనిపోయిన తర్వాత మరీ చేతకావడం లేదు.

"యాడ?" అంటాడు.

"కొండవతల. గొల్లల దిన్నె మీద. వంక గట్లు తెంచుకుని పారె. ఆడ ఇత్తినోళ్లకు ఇండ్లల్లో కాయ పట్టలే."

"మన పక్క?"

"మన పక్క తుంపర. దుమ్ము అణిగె, అంతే. మేమంతా అరుగు మీద నిలబడుకుని చూస్తిమి. కొండ మీద గోడ కట్టినట్టు వాన, ఈ పక్క ఎండ. వాసన గూడా వచ్చె. వాన రాలే."

బస్టాండులో ఎవరూ లేరు. మైకు ఇంకా ఏదో చెబుతోంది గానీ మాటలు తెలియడం లేదు, గాలికి రేకు కదిలినట్టు వినిపిస్తోంది. బావ చేతిలో పెళ్ల మళ్లీ ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు.

"గొల్లల దిన్నె మీదనా."

"ఊ."

"ఆ పెళ్ల ఆడిదే రా తిమ్మప్పా."

నాకు అర్థం కాదు. ఆయన మళ్లీ చెబుతాడు, నిదానంగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "మన సేని మట్టిలో ఇసక ఎక్కువయ్యె. మూడు పెళ్లలు ఎట్లో నిలబడె. నాలుగోది, శ్రావణం పేరుది, ఎన్నిసార్లు కట్టినా చేతిలోనే చెదిరిపాయె. పొద్దు పోతాండాది, ఊర్లో వాళ్లు కుండ కోసం కాచుకోనుండారు. గొర్రెల ఎంబడి కొండవతలికి పోయుంటి గదా ఆ పొద్దు, ఆ దిన్నె మీద మట్టి జిగటగా, పిండి మాదిరి ఉంటే ఒక ముద్ద కండవలో కట్టుకోని వచ్చుంటి, పొయ్యికి పూసేదానికి పనికొస్తాదని. ఆ ముద్ద తీసి శ్రావణం అని పెడ్తి. మట్టంటే మట్టే గదా అనుకుంటి."

"ఎవురికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పేది. కుండ ఎత్తేనాటికి అది బురద అయిపోయుండె. అందురూ సంబరపడ్రి. నేనూ సంబరపడ్తి. అది అబద్ధం చెప్పలే రా. దాని ఊరి సంగతి అది చెప్పె. నేను మన ఊరి సంగతి అనుకుంటి." పెళ్లను రెండో చేతికి మార్చుకుంటాడు. "ఇంకొకని సేన్లో పడే వాన కోసం మా ఇంటి వసారాలో కూర్చుంటి."

నేను ఆయన చెయ్యి పట్టుకోవాలనుకుంటాను. చెయ్యి చాపితే మా మధ్య బల్ల పొడవు అవుతుంది.

"చెప్పి ఉన్నా ఏమయ్యేది కాదు బావా. ఆషాఢంలో ఇత్తినోళ్లవి గూడా దక్కలే. మొలిచె, రెండాకులు వేసె, మాడిపాయె."

"నీవి?"

"నావీ."

"మరి నా ఇత్తనం?"

"అట్లే ఉండాది. నువ్వు ఆనుకున్న మూట ఎట్ల ఉండెనో అట్లే ఉండాది. అక్క ఎవురినీ ముట్టనియ్యలే. ఎలుకలు పడకుండా వారం వారం దింపి ఎండకు పోస్తాది."

"చూసినావా మరి" అంటాడు, గొంతులో పాత బడాయి. "నా మాట ఇన్నింటే నీదీ దక్కేది. ఊరంతా నవ్వినారు గదా, ఇప్పుడు ఊరంతటికీ యాడుండాది ఇత్తనం, మా ఇంట్లో తప్ప?"

"అందుకే వచ్చినా బావా. అది ఈ ఏడు పడకుంటే ఇంక మొలవదు. కాయ పాతబడె. ఈ ఏడు దాటితే గానుగకే. మొన్న ఒక వాన పడె. ఊర్లో అందురూ మడకలు కడ్తాండారు. ఈ ఏడు కుండ పెట్టినోడు లేడు, నువ్వు పోయినాక ఎవురూ ముట్టలే. అక్క నన్ను అడిగె. పొద్దున్నే ఒక మాట చెప్పు తమ్ముడా, కాయ ఒలిచేదా వద్దా, నువ్వెట్ల చెప్తే అట్ల అనె. ఒలిచినాక ఇంక దాచేదానికి లేదు. ఇత్తి, వాన రాకుంటే, ఆయమ్మకు నీది అని మిగిలిండే ఆ ఒక్క మూటా మట్టిలో పోతాది. నాకు నోరు రాలే బావా. చెప్పు. ఇత్తేదా?"

లేచి, తడి చొక్కా దులుపుకుని, "రా, చూపిస్తా" అని నడుస్తాడు. బస్టాండు చివర మెట్లు ఉన్నాయి, దిగుడుబావి మెట్లలాగా, దిగేకొద్దీ చల్లబడుతుందనుకుంటే చల్లబడదు, వెచ్చగా, ధాన్యం గాదె లోపలిలాగా ఉక్కగా ఉంది. కింద ఒక గది. వంగితే తప్ప నిలబడలేము. నేను దాన్ని గుర్తుపడతాను. ఇది వాళ్ల చేను, చేను ఈశాన్యం మూల, మేము ఆయనను పూడ్చిన చోటు, నేను దాన్ని లోపలి నుంచి చూస్తున్నాను. పైకప్పు నిండా వేళ్లు, ఎప్పటివో పాత శెనక్కాయ వేళ్లు, ఎండిన తాళ్లలాగా వేలాడుతున్నాయి.

"ఈడ వాన గురించి ముందుగా ఏమీ తెలీదు రా" అంటాడు. "మీరు అనుకుంటారు, చచ్చినోళ్లకు అన్నీ తెలుస్తాయని. మాకు మీ కంటే ఎనక తెలుస్తాది. పైన పడల్ల, నానల్ల, దిగల్ల. దిగితే తెలుస్తాది, దిగకుంటే లేదు. పోయినేడంతా కాచుకుంటి. ఏమీ దిగలే. అప్పుడే తెలిసె నాకు శ్రావణం సంగతి."

"తెలిసి నన్నెందుకు అడిగితివి?"

"నువ్వు ఏమంటావో ఇందామని. మంచి మాట ఏదన్నా చెప్తావేమోనని." భుజాలు కదులుతాయి. "నీకు అదీ చాతకాకపాయె."

"మరి నీ చొక్కా తడిసిందే."

చేత్తో భుజం తడుముకుంటాడు. "ఇది వాన కాదు. మీ అక్క. పొద్దు గూకే ముందర ఒక చెంబు తెచ్చి నెత్తిన పోసి పోతాది. కుళాయి కాడ ఇంటికే నీళ్లు చాలవు, ఈడ పోస్తాది పిచ్చిది. చెప్పినా ఇనదు. ఎట్ల చెప్పేది, ఇనపడదు గదా." తడి అంటిన అరచేతిని చూసుకుని, "అదొక్కటే దిగేది నా దాకా" అంటాడు.

ఆయన నా చెయ్యి పట్టుకుని పైకి ఎత్తిస్తాడు. ఆయన చెయ్యి తగలడం లేదు గానీ నా చెయ్యి పైకి పోతోంది. పైకప్పు మట్టి నా చేతివేళ్లకు తగిలి పొడిపొడిగా రాలుతోంది, ముఖం మీద, కళ్లలో పడుతోంది. ఇంకా పైకి తవ్వుతాను. పొడి. మోచేయి దాకా పోయాక, అందీ అందనంత ఎత్తులో వేలి కొసకు చల్లగా ఏదో తగులుతుంది.

"అదే" అంటాడు. "మొన్నటి వాన. ఆడ నిలబడిపాయె. జానెడు మందం. దాని కింద పోయినేటి పొడి, దాని కింద అంతకు ముందేటి పొడి. పై తడి కింద తడితో కలవల్ల గదా, కింద తడే లేకపాయె, దేనితో కలుస్తాది. ఇత్తితే మొలుస్తాది. మొలిచి, వేరు కిందికి చాపి చూస్తాది."

తర్వాత ఏమవుతుందో చెప్పడు. చెప్పనక్కరలేదు, పోయిన ఏడు నేను చూశాను.

"మీ అక్కకు చెప్పు. ఒలవొద్దను. ఇంకొక వాన చూసుకోని ఇత్తల్ల."

"ఇంకొక వాన వస్తాదా బావా?"

"మళ్లా నన్నే అడుగుతాండాడు చూడు. పెళ్లలు కట్టేదానికి నాకు ఈడ కుండ యాడిది రా." తల తిప్పుకుంటాడు. "ఆ పెళ్ల సంగతి గూడా చెప్పు. చెప్తావో చెప్పవో నీ ఇష్టం. చెప్పకుంటే గూడా సరేలే. ఒలవొద్దని మాత్రం చెప్పు."

అప్పుడు పైన చప్పుడు మొదలవుతుంది. మొదట ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత వెంటవెంటనే, రేకు మీద పెద్ద చినుకులు పడినట్టు టప్ టప్ మని. "వాన బావా" అంటాను, "ఇను, వాన."

ఆయన ముఖం పైకెత్తి వింటాడు. ఆయన బతికి ఉండగా కూడా అంత ఆశగా ఉండటం నేను చూడలేదు. విని, విని, కళ్లు దించుకుంటాడు.

"కాదు రా. వాన పడితే ఈడికి చప్పుడు రాదు. ఎవురో ఏమో పగలగొడ్తాండారు. పో. బిన్నా పో."

మెట్లు ఎక్కుతున్నాను, మెట్లు ఇసుక, ఎక్కినంతా జారిపోతోంది, చెప్పాల్సిన మాట నోట్లో మట్టిలాగా నిండి ఉంది, దాన్ని ఉమ్మకుండా మింగకుండా పట్టుకుని ఎక్కుతున్నాను, చప్పుడు దగ్గరవుతోంది, దగ్గరవుతోంది.

కళ్లు తెరిచాను. తెల్లవారిపోయింది. మా ఇంటి ముందర మంచంలో పడుకుని ఉన్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. తల తిప్పి చూస్తే ఈరక్క గోడ పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది, పక్కన వాళ్లింటి నుంచి తెచ్చిన మూట మూతి విప్పి ఉంది, చేటలో శెనక్కాయ. బొటనవేలితో నొక్కి ఒక్కొక్క కాయే పగలగొట్టి, గింజను ఒడిలో, పొట్టును పక్కన వేస్తోంది. పొట్టు అప్పటికే మోకాలి ఎత్తు కుప్ప పడి ఉంది.

"లేచినావా. సేనికి పోయొచ్చి ఎద్దులకు నీళ్లు పెట్టినా" అంది. చెయ్యి ఆగలేదు.

"అక్కా, ఒలవొద్దు."

"యాల?"

"కల్లోకి బావ వచ్చె."

ఒక కాయ పగిలింది, ఇంకొక కాయ పగిలింది. "నాకు రాడు" అంది. "నీకే వస్తాడు. ఏమంటాడు?"

"లోపల తడి లేదంటాడు. ఇంకొక వాన చూసుకోని ఇత్తమంటాడు."

"ఆయప్పకేమి, కాచుకునేది అలవాటు." కోపం లేదు ఆ మాటలో. గింజను వెలుతురుకు పెట్టి చూసి, ముడతలు పడినదాన్ని పక్కకు వేసింది. "కాచుకోని కాచుకోని ఇదీ ముసలిదాయె. సగం గింజలు ఇట్లే ఉండాయి. ఇంకొక వాన అంటే ఎప్పుడు రా, ఎవురికి తెలుసు. ఆయప్ప పెట్టిపోయిన ఇత్తనం గానుగలో పోసేదానికి నాకు చేతులు రావు. మట్టిలో పోతే పోనీ. సేన్లోనే గదా పోయేది."

పెళ్ల సంగతి చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఆమె అప్పటికే ఇంకొక గుప్పెడు తీసుకుంది.

మంచం దిగి పోయి ఆమె ఎదురుగా కూర్చున్నాను. చేటలో నుంచి ఒక కాయ తీసుకుని నొక్కాను. అప్పుడు, అంత దగ్గర నుంచి, ఆమె కుడిచెయ్యి కనిపించింది, మోచేతి దాకా మట్టిలోకి దింపి తీసినట్టుంది. మోచేతికి కిందుగా జానెడు మేర మట్టి తడిగా అంటి ఆరిపోయి ఉంది. దాని కింద మణికట్టు నుంచి గోళ్ల దాకా, సందుసందునా ఎర్రటి దుమ్ము, ఊదితే లేచిపోయేంత పొడిగా.